పడవలకూ పటాలు గీద్దాం

నాగార్జునసాగర్ కుడిగట్టున, విజయపురి సౌత్ వైపు చేపల వేటకు వెళ్లే పుట్టిని గట్టు మీద బోర్లించినప్పుడు ఒకసారి దగ్గరగా చూడండి. వెదురు దబ్బలతో అల్లిన పెద్ద బుట్ట అది. దాని మీద ప్లాస్టిక్ పట్టా కప్పి తారు పూస్తారు. పూర్వం తోలు కప్పేవారు. పట్టా చదునైనది, పుట్టి అన్ని వైపులా ఒంగినది. అడుగున పట్టా సాఫీగానే కూర్చుంటుంది. అంచుకు వచ్చేసరికి కుచ్చిళ్లు పడతాయి. పుట్టి కట్టే మనిషి ఆ కుచ్చిళ్లను ఒకేచోట పోగుపడనివ్వడు. చుట్టూ సమంగా పంచి, ఒక్కొక్కటీ మడిచి, అంచు దబ్బకు బిగిస్తాడు.

దీన్ని లెక్కలో పెట్టి చూద్దాం. పుట్టి మూతి అడ్డం 2.4 మీటర్లు, లోతు 0.6 మీటర్లు, ఆకారం గోళంలోంచి కోసిన ముక్క అనుకుందాం. అడుగు మధ్య నుంచి అంచుదాకా ఒంపు వెంట టేపు పెడితే 1.39 మీటర్లు వస్తుంది. అంత వ్యాసార్ధంతో గుండ్రంగా కత్తిరించిన పట్టా చుట్టుకొలత 8.74 మీటర్లు. పుట్టి అంచు చుట్టుకొలత 7.54 మీటర్లే. మిగిలిన 1.2 మీటర్ల పట్టా కుచ్చిళ్లలోకి పోవాల్సిందే, దానికి వేరే దారి లేదు. రెండు దిక్కులా ఒంగిన ఆకారాన్ని సాగదీయకుండా, చించకుండా, మడవకుండా బల్ల మీద పరచడం సాధ్యం కాదని జర్మన్ గణిత శాస్త్రవేత్త గాస్ 1827లో రుజువు చేశాడు. మన పుట్టి కట్టేవాళ్లు ఆ సంగతిని రోజూ చేతులతో సర్దుకుంటున్నారు.

నేను కాలువల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాను. నరసరావుపేటలో ఉంటాను. ఇప్పుడు ఇంటి వెనక రేకుల షెడ్డులో పడవల నమూనాలు చేస్తుంటాను. టేకు బద్దలు చీల్చి, చిత్రిక పట్టి, నిజం పడవకు ఎలా పలకలు వేస్తారో అలాగే వేస్తాను. కొన్నేళ్లుగా ఆ పలకల ఆకారాలను కంప్యూటర్లో విప్పి, చదునుగా పరిచి, కాగితం మీద అచ్చు తీసుకుంటున్నాను. తీరిక ఉన్న ముసలాయన కాలక్షేపంగా చాలామంది దీన్ని చూస్తారు. ఇందులో కాలక్షేపం కంటే చాలా పెద్ద పని ఉందనీ, ఆ పని ఇప్పుడు చేయకపోతే మన కృష్ణా గోదావరి తీరాల పడవలు ఆనవాలు లేకుండా పోతాయనీ చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అసలు ఇబ్బంది ఏమిటో ముందు తెలియాలి. బయటి నుంచి చూస్తే పడవ పక్కన పలకలన్నీ ఒకదాని మీద ఒకటి సమానంగా, తిన్నగా నడిచినట్టు కనిపిస్తాయి. వాటిలో ఒక పలకను ఊడదీసి నేల మీద పెడితే ఆకారం మారిపోతుంది. మధ్యలో వెడల్పు, కొసల్లో సన్నం, పైగా నిలువునా ఒక వంపు. కొన్ని పలకలు ఒక కొసన పైకీ, ఇంకో కొసన కిందికీ తిరుగుతాయి. తిన్నటి బద్దలు తెచ్చి పడవకు అంటిద్దామని కూర్చుంటే కుదరదు. నా నమూనాల్లో ఒకదాని కొలతలే చెబుతాను. నడుమ దగ్గర ఒక పక్క చుట్టుకొలత 12 సెంటీమీటర్లు, ముక్కు దగ్గర 7, వెనక 9. ఒక పక్కకు 20 బద్దలు వేయాలంటే ప్రతి బద్దా నడుమ 6 మిల్లీమీటర్లు, ముందు మూడున్నర, వెనక నాలుగున్నర ఉండాలి. ఇంతవరకు ఎవరైనా భాగహారం చేసి చెప్పగలరు. కష్టం దాని తర్వాత మొదలవుతుంది.

చెక్క బద్దను మందం వైపు ఎంతైనా వంచవచ్చు. మెలి కూడా తిప్పవచ్చు. వెడల్పు వైపు వంచమంటే అది ఒప్పుకోదు. 5 మిల్లీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల పొడవు ఉన్న బద్దను అర మీటరు వ్యాసార్ధంతో పక్కకు వంచాలనుకోండి. బయటి అంచు లోపలి అంచు కంటే 3 మిల్లీమీటర్లు పొడవు కావాలి. చెక్క నారల వెంట సాగదు కాబట్టి ఆ 3 మిల్లీమీటర్లు ఎక్కడి నుంచీ రావు. బద్ద ఒక అంచున పైకి లేచిపోతుంది. మేకు కొడితే పగులుతుంది, జిగురు పెడితే రాత్రికి నిలబడి తెల్లారేసరికి ఊడుతుంది. అందుకని బద్దను వంచకుండా, ఆ వంపు ముందే ఉండేలా వెడల్పాటి చెక్కలోంచి కోసుకోవాలి. ఆ వంపు ఎంత, ఎక్కడ, ఎటువైపు అన్నదే పడవ కట్టే వడ్రంగి దగ్గరుండే విద్య.

ఈ ఇబ్బందిని నేను పడవల కంటే ముందు కాలువల మీద చూశాను. 203 కిలోమీటర్ల జవహర్ కాలువ, అంటే సాగర్ కుడికాలువ, పల్నాడును చీల్చుకుంటూ పోతుంది. మట్టికట్టల మధ్య నడిచే కాలువ గట్టు ఏటవాలుగా ఉంటుంది. వాగు మీద అక్విడక్టు వచ్చినచోట నీళ్లు నిలువు గోడల తొట్టిలోకి దూరాలి. ఆ ఏటవాలు నుంచి నిలువుకు మారే గోడను మెలితిప్పి కడతారు. మేం కాగితం మీద దాన్ని తిన్నటి గీతలతోనే గీసేవాళ్లం. ఏ రెండు గీతలూ ఒకే తలంలో ఉండవు కాబట్టి ఆ గోడ ఏ చదును రేకుకూ లొంగదు. సెంట్రింగ్ మేస్త్రీలు అక్కడికి పెద్ద ప్లైవుడ్ పలకలు పట్టుకెళ్లేవారు కాదు. సన్నటి చెక్కలు వరుసగా పేర్చి, ఒక్కోదాన్నీ కొద్దికొద్దిగా మెలితిప్పి కొట్టుకుపోయేవారు. చెక్క ఎంత సన్నమైతే మెలిక అంత సులువుగా కుదురుతుంది. పడవకు ఒకే పెద్ద రేకు కాకుండా సన్నటి పలకలు ఎందుకు వేస్తారో, ఆ మేస్త్రీల పని చూసినవాడికి ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ సంగతి. ముందు పడవ ఆకారాన్ని కంప్యూటర్లో నిలబెడతాం. పలకల అంచులు ఎక్కడెక్కడ నడవాలో ఆ ఆకారం మీదే గీతలు పెడతాం. ప్రోగ్రాం ఒక్కో పలకను సన్నసన్న త్రిభుజాలుగా విడగొట్టి, ఒకదాని పక్కన ఒకటి చదునుగా పేరుస్తుంది. ఆకారం శంకువో స్తూపమో అయితే త్రిభుజాలన్నీ ఖాళీ లేకుండా కలిసిపోతాయి. నరసరావుపేటలో గరాటులు చేసే రేకుపనివారు చేసేదీ ఇదే. మూతి వ్యాసార్ధం 10 సెంటీమీటర్లు, ఏటవాలు పొడవు 20 సెంటీమీటర్లు ఉన్న శంకువును విప్పితే కచ్చితంగా అర్ధవృత్తం వస్తుంది. కంపాస్ ఉంటే చాలు. రెండు దిక్కులా ఒంగిన పలకకు ఆ అదృష్టం లేదు. త్రిభుజాలు పరుస్తుంటే ఒకచోట సందు వస్తుంది, మరోచోట ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతుంది. అప్పుడు ప్రోగ్రాం మొత్తం మీద సాగుడు, కుదింపు వీలైనంత తక్కువగా ఉండేలా వాటిని అటూ ఇటూ జరుపుతుంది.

ఫ్రీషిప్ అని ఒక ఉచిత ప్రోగ్రాం ఉంది. నెదర్లాండ్స్‌కు చెందిన మార్టిన్ వాన్ ఎంగెలాండ్ రాసి, ఎవరైనా వాడుకునేలా, మార్చుకునేలా వదిలాడు. పడవ ఆకారం గీయడానికీ, పలకలు విప్పడానికీ అది చాలు. డబ్బు పెట్టి కొనే రైనో అనే ప్రోగ్రాంలో అయితే ఈ పనికే మూడు వేర్వేరు ఆదేశాలున్నాయి. అన్‌రోల్ అన్నది శంకువు, స్తూపం జాతి ఆకారాలకు. స్మాష్, స్క్విష్ అన్నవి రెండు దిక్కులా ఒంగిన వాటికి. ఒకే పనికి మూడు ఆదేశాలు ఎందుకని కొత్త పిల్లలు అడుగుతారు. వాళ్లకు నేను చెప్పేది ఒకటే. మొదటిదాంట్లో వచ్చే జవాబు నిజం. మిగతా రెండింటిలో వచ్చేది సర్దుబాటు. ఆ సర్దుబాటు ఎంతో తెలియకుండా చెక్క కోయకూడదు.

నా గట్టి అభిప్రాయం ఒకటి ఇక్కడే చెప్పాలి. పలక చదునైన బొమ్మ తెర మీద కనపడగానే చాలామంది పని అయిపోయిందనుకుంటారు. కాలేదు. బట్ట అయితే కాస్త సాగుతుంది. రేకును సుత్తితో కొట్టి సాగదీయవచ్చు. చెక్క నారల వెంట సాగదు. అందుకని పలక వైశాల్యం సరిపోయిందా అని చూడటం కంటే, దాని రెండు అంచుల పొడవులూ సరిపోయాయా అని చూడాలి. పడవ మీద ఉన్నప్పుడు పై అంచు ఎంత, కింది అంచు ఎంత, విప్పాక ఎంత. 30 సెంటీమీటర్ల పలకలో తేడా అర మిల్లీమీటరు దాటితే ఆ పలకను నిలువుగా రెండు చేసి మళ్లీ విప్పాలి. ఇది పుస్తకంలో రాసిన సూత్రం కాదు, చెక్కతో పని చేసి నేను పెట్టుకున్న కట్టుబాటు. మంచి ప్రోగ్రాంలు ఎక్కడ ఎంత సాగిందో, ఎక్కడ ఎంత నొక్కుకుపోయిందో రంగుల్లోనో అంకెల్లోనో చూపిస్తాయి. ఆ చూపించేదాన్ని చదవడం నేర్పకుండా బటన్ నొక్కడం మాత్రం నేర్పితే పిల్లలకు మనం అన్యాయం చేసినట్టే.

కంప్యూటర్ వాడితే చేతిపని పాడైపోతుందని నాతోపాటు నమూనాలు చేసే కొందరు పెద్దలు బాధపడతారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది, వాళ్లతో ఏకీభవించలేను. పాత పద్ధతి చాలా మంచిది. చట్రాల మీద కాగితపు టేపు పరిచి, పలక అంచులు ఎక్కడ తగులుతాయో పెన్సిల్‌తో గీసి, టేపును జాగ్రత్తగా ఊడదీసి బల్ల మీద అంటిస్తే పలక ఆకారం వచ్చేస్తుంది. టేపు ముడత పడినచోట ఆకారం రెండు దిక్కులా ఒంగి ఉందని తెలుస్తుంది. నా దగ్గరికి వచ్చే పిల్లలెవరైనా సరే, మొదటి పలక ఇలా చేత్తో తీయాల్సిందే. రెండో పలక నుంచి కంప్యూటర్. చేత్తో ఒకసారి తీసినవాడు తెర మీద వచ్చిన ఆకారాన్ని గుడ్డిగా నమ్మడు. అయితే టేపుతో తీసిన ఆకారం నా షెడ్డులోనే ఉంటుంది, నాతోనే పోతుంది. కంప్యూటర్లో తీసిన దాన్ని మచిలీపట్నంలో మరొకరు తీసుకుని, రెట్టింపు సైజులో కోసుకోవచ్చు. తేడా అంతా ఇక్కడే ఉంది.

కోయడానికి కూడా ఇప్పుడు పట్నాలకు పోనక్కర్లేదు. పెళ్లిళ్లకు పేర్ల బోర్డులు, గృహప్రవేశాలకు దేవుడి బొమ్మలు లేజర్‌తో కోసిచ్చే షాపులు మన ఊళ్లలోకీ వచ్చేశాయి. పెన్‌డ్రైవ్‌లో పలకల ఫైలు తీసుకుని అలాంటి ఒక షాపుకు వెళ్తే, అక్కడ కుర్రాడు తెర మీద చూసి, “మాస్టారూ, తిన్నటి బద్దలన్నారు, ఇవన్నీ వంకర టింకరగా ఉన్నాయేంటి? ఫైలు పాడైందేమో చూసుకోండి” అన్నాడు. కోశాక అక్కడే చట్రాల మీద రెండు పలకలు పెట్టి చూపించాను. వంకర మాయమై రెండూ అంచుకు అంచు అతుక్కున్నాయి. షాపులో పని ఆపి మరీ, ఇదెలా వచ్చిందని అడిగాడు. డిప్లొమా చదివిన కుర్రాడే. ఆకారాలను విప్పి చదునుగా పరిచే సర్ఫేస్ డెవలప్‌మెంట్ పాఠం పరీక్షకు చదివాడు, మార్కులు తెచ్చుకున్నాడు. ఆ పాఠంతో ఒక వస్తువు తయారవుతుందని అతనికి అంతవరకు ఎవరూ చూపించలేదు.

ఇది అతని తప్పు కాదు. మన పాలిటెక్నిక్‌లలో, ఇంజనీరింగ్ కాలేజీల్లో డ్రాయింగ్ పాఠం స్తూపం, శంకువు, పట్టకం, పిరమిడ్ దగ్గర ఆగిపోతుంది. అవన్నీ సాఫీగా విప్పుకునేవే. విప్పడానికి లొంగని ఆకారం ఎదురైతే ఏం చేయాలన్నది, అంటే నిజం పని మొదలయ్యే చోటు, సిలబస్ బయటే ఉండిపోతుంది. ఆ చోటుకు పిల్లలను తీసుకెళ్లడానికి పడవ కంటే మంచి వస్తువు నాకు కనపడదు.

ఇక అసలు విషయానికి వస్తాను. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి కాలం నాటి నాణేల మీద ఓడ బొమ్మ ఉంది. రెండు స్తంభాలున్న ఓడ. మన తీరం నుంచి సముద్రం మీదికి పోయిన నావలకు అదొక గొప్ప సాక్ష్యం. ఆ నాణెం పక్కన పెట్టుకుని నమూనా చేద్దామని కూర్చుంటే ఒక్క పలక కూడా గీయలేం. పక్క నుంచి కనిపించే రూపురేఖ తప్ప అందులో ఏమీ లేదు. నడుము ఎంత వెడల్పు, అడుగు గుండ్రమా చదునా, పలకలు ఎన్ని, ఎలా కలిపారు, ఏదీ చెప్పదు. దాదాపు 18 శతాబ్దాల కిందటి ఓడ నుంచి మనకు మిగిలింది ఒక నీడ. ఆ కాలపు పనివాళ్లను నిందించలేం, వాళ్ల దగ్గర కొలిచి దాచే సాధనాలు లేవు. మన దగ్గర ఉన్నాయి. ఉండీ మన కళ్ల ముందున్న పడవల విషయంలో అదే జరగనిస్తున్నాం.

కోరమండల్ తీరంలో అలల మీదికి తోసే మసూలా పడవల గురించి మత్స్యకారులకు చెప్పనక్కర్లేదు కానీ, మెట్ట ప్రాంతం వారి కోసం చెబుతాను. పలకలను కొబ్బరి పీచు తాడుతో ఒకదానికొకటి కుట్టి కడతారు. లోపల చట్రాలు ఉండవు. అల వచ్చి కొడితే మేకు కొట్టిన పడవ పగులుతుంది, కుట్టిన పడవ కాస్త ఒదిగి మళ్లీ సర్దుకుంటుంది. ఇలాంటి పడవలో ముందు చట్రం నిలబెట్టి దాని మీద పలకలు వేయడమన్నది లేదు. పలకల ఆకారమే పడవ ఆకారాన్ని నిర్ణయిస్తుంది. పలక కొసన ఒక అంగుళం ఎక్కువ కోస్తే పడవ మూతి అంత పైకి లేస్తుంది. కాబట్టి ఆ పడవ డిజైన్ అంటూ ఏదైనా ఉంటే, అది చదునుగా పరిచిన పలకల పటమే. దాన్ని కట్టే మనిషి బుర్రలో ఆ పటం ఉంది. కాగితం మీద లేదు.

నిజాంపట్నం హార్బర్‌కు ఒకసారి వెళ్లాను. అక్కడ చెక్క నావకు మరమ్మతు చేస్తున్న ఒక పెద్ద వడ్రంగిని కొత్త పలక వెడల్పు ఎలా నిర్ణయిస్తారని అడిగాను. “నడుమ జానెడు, మూతి కాడ బెత్తెడు అనుకో బాబూ. మధ్యలో ఇక్కడ మాత్రం ఒక వేలు ఎక్కువ వదలాల. వదలకపోతే పై పలక కూర్చోదు” అన్నాడు. ఎక్కడ వదలాలన్నాడో అక్కడ సుద్దతో గీత గీసి, పొడవులు కొలుచుకుని ఇంటికొచ్చి కంప్యూటర్లో పెట్టాను. పలకను విప్పితే సరిగ్గా ఆ భాగంలోనే ఉబ్బు వచ్చింది. పడవ పొట్ట గుండ్రంగా తిరిగే చోటది. ఆయన ఒక వేలు అన్నదాన్ని ప్రోగ్రాం మిల్లీమీటర్లలో చెప్పింది. ఆయన బళ్లో చదువుకోలేదు. ఆయన కొడుకులిద్దరూ ఫైబర్ పడవల పనిలోకి వెళ్లిపోయారు. వాళ్లను తప్పుపట్టను. ఫైబర్ పడవకు కలప వెతకనక్కర్లేదు, ఏటేటా మరమ్మతు తక్కువ, కూలి గిట్టుబాటవుతుంది. ఒక అచ్చు ఉంటే అదే పడవ ఎన్నిసార్లయినా పోయవచ్చు. కానీ అచ్చు చేసినవాడికి ఒంపులు ఎక్కడి నుంచి వచ్చాయి? పాత చెక్క పడవల నుంచే. ఆ పాత పడవలు కట్టెలపొయ్యిలోకి పోతుంటే వాటిని కొలిచినవారు, నాకు తెలిసి, మనలో ఎవరూ లేరు.

కొలిచిన పరాయి మనిషి ఒకాయన ఉన్నాడు. ఫ్రెంచి నౌకాధికారి ఎడ్మండ్ పారిస్ 19వ శతాబ్దం మొదటి సగంలో ప్రపంచమంతా తిరుగుతూ ఐరోపా బయటి దేశాల పడవలను కొలిచి, గీసి, 1840ల మొదట్లో పెద్ద గ్రంథంగా అచ్చువేశాడు. కోరమండల్ తీరపు కుట్టు పడవలు కూడా అందులో ఉన్నాయి. తర్వాత ఆయన పారిస్ నగరంలోని నౌకా మ్యూజియం బాధ్యత చూశాడు. తన పటాల ఆధారంగా నమూనాలు చేయించి అక్కడ పెట్టించాడు. టేపు, లంబపు గుండు, పెన్సిల్, నోటుబుక్కు, ఇంతే ఆయన పరికరాలు. మన పడవ ఎలా ఉండేదో తెలుసుకోవడానికి మన పిల్లలు ఫ్రాన్స్ మ్యూజియం వైపు చూడాల్సి రావడం నాకు బాధగా ఉంది. ఆయన మీద మాత్రం నాకు గౌరవమే. ఆయన చేసిన పని మనం చేయలేదన్నదే నా బాధ.

చేయలేకపోవడానికి కారణం మనకు చేతకాకపోవడం కాదు. ఇదే పల్నాడులో ఇంతకంటే ఎన్నో రెట్లు పెద్ద పని జరిగింది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ సాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. నాగార్జునకొండ లోయ మునిగిపోతుందని తెలిసి, 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖ అక్కడ తవ్వింది. స్తూపాలు, విహారాలు, ఘాట్లు, రంగస్థలం, అన్నీ కొలిచి పటాలు గీశారు. కొన్నింటిని ఊడదీసి తెచ్చి కొండ మీదా, అనుపు అనే చోటా మళ్లీ నిలబెట్టారు. లాంచీ ఎక్కి కొండ మీది మ్యూజియానికి వెళ్తే మునిగిపోయిన లోయ నమూనా కనపడుతుంది. మాచర్ల, గురజాల బడిపిల్లలు దాని చుట్టూ చేరి ఏది ఎక్కడుండేదో వేలితో చూపించుకుంటారు. మునగబోయేదాన్ని ముందే కొలవాలని ఈ గడ్డ మీద పనిచేసినవారికి తెలుసు. పడవలు ఒక్కరోజులో మునగవు కాబట్టి, ఏడాదికి కొన్ని చొప్పున కనుమరుగవుతాయి కాబట్టి, వాటికి అలాంటి అత్యవసరం ఉందని ఎవరికీ తోచలేదు.

ఇప్పుడు పని అంతకంటే చాలా సులువు. ఫోన్‌తో పడవ చుట్టూ తిరిగి వరుసగా ఫొటోలు తీస్తే, వాటిని కలిపి మూడు కొలతల ఆకారం చేసిచ్చే మెష్‌రూమ్ లాంటి ఉచిత ప్రోగ్రాంలు ఉన్నాయి. ఫొటోలను మాత్రమే నమ్ముకోకూడదు. మేస్త్రీలు వాడే ట్యూబ్ లెవెల్‌తో మట్టం చూసి, లంబపు గుండు వేలాడదీసి, అర మీటరుకు ఒకచోట అడ్డకొలతలు తీసుకోవాలి. పలక అంచుల మీద సుద్దగీతలు పెట్టి ఫొటో తీస్తే ఏ పలక ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తర్వాత తెర మీద గుర్తుపట్టవచ్చు. ఆ గీతల వెంట పలకలను విప్పి, చదును పటాలు తీసి, అదే ఫైలుతో 24వ వంతు నమూనా కట్టి చూడాలి. నమూనా కుదిరితే కొలతలు సరైనవే. కుదరకపోతే మళ్లీ రేవుకు వెళ్లి కొలవాలి. నమూనా అలంకారానికి కాదు, పటం నిజమో కాదో తేల్చే పరీక్ష అది. తొమ్మిది మీటర్ల పడవ 24వ వంతులో 37న్నర సెంటీమీటర్లు. ఒక బల్ల మీద పట్టే పని.

ఈ పనికి నరసరావుపేట జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ, జిల్లా పాలిటెక్నిక్‌లు ముందుకు రావాలని నా విన్నపం. మొదటి సంవత్సరం పిల్లలను జట్లు చేసి, జట్టుకు ఒక పడవ అప్పగించండి. సాగర్ పుట్టి, మాదిపాడు–ముక్త్యాల బల్లకట్టు దగ్గరలోనే ఉన్నాయి. బల్లకట్టు సులువు, దాదాపు అన్నీ చదును ముఖాలే. పుట్టి కష్టం, కుచ్చిళ్ల లెక్క చేయాలి. ఆ రెండూ అయ్యాక నిజాంపట్నం, మచిలీపట్నం దగ్గరి గిలకలదిండి, కాకినాడ దగ్గరి తాళ్లరేవు. తాళ్లరేవు, కోరంగి పక్కన పడవలు కట్టే విద్య తరతరాలుగా ఉంది. అక్కడి కాలేజీలు కూడా కలిస్తే కొద్ది సంవత్సరాల్లో తీరమంతటి పడవలు ఒకచోటికి చేరతాయి. సాఫ్ట్‌వేర్‌కు ఖర్చు లేదు. బస్సు చార్జీలు, సుద్ద, టేపు, కాస్త చెక్క.

ఇందులో ఇంకో ప్రయోజనం ఉంది. 2017 నవంబర్ 12న కృష్ణానదిలో ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర, 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదాలు మనం మరచిపోలేదు. ఆ ప్రమాదాల కారణాల్లోకి నేను పోను. కానీ ఏ పడవైనా ఎంతమంది ఎక్కితే ఎంత మునుగుతుంది, ఎంతవరకు ఒరిగితే తిరిగి నిలబడుతుంది అనే లెక్క వేయాలంటే మొదట దాని ఆకారం చేతిలో ఉండాలి. పలకలు విప్పడానికి తయారుచేసిన ఆకారంతోనే ఆ లెక్కకు పునాది పడుతుంది. ఫ్రీషిప్ లాంటి ప్రోగ్రాంలో పలకల పటమూ, మునక లెక్కా పక్కపక్కనే ఉంటాయి. రేవులో తిరిగే ప్రతి పడవకూ ఒక పటం ఉంటే, లైసెన్సు ఇచ్చే అధికారికి కూడా ఆధారం దొరుకుతుంది.

పటాలు ఎక్కడ పెట్టాలన్నది కూడా తేల్చుకోవాలి. కాలేజీ బీరువాలో పెడితే ప్రిన్సిపాల్ మారేసరికి పోతాయి. నమూనాలు నాగార్జునకొండ మ్యూజియంలో లోయ నమూనా ఉన్న గదికి దగ్గరగా పెట్టనిస్తే, లాంచీలో వచ్చే ప్రతి బడిపిల్లా చూస్తుంది. ఫైళ్లు మాత్రం అందరికీ ఉచితంగా అందాలి. ఏ మత్స్యకారుడైనా, ఏ వడ్రంగి కొడుకైనా వాటిని దించుకుని పడవ కట్టుకునే వీలుండాలి.

పడవ కట్టిన మనిషి దగ్గరికి పిల్లలు ఊరికే వెళ్లి ఆయన పని పాడుచేసి రాకూడదు. కొలతలు తీసినన్ని రోజులూ ఆయనకు మేస్త్రీ కూలి ఇవ్వాలి. నేను ఉద్యోగంలో ఉన్నంతకాలం ప్రతి పటానికీ కింద కుడిమూలన ఒక గడి గీశాను. గీసింది ఎవరు, సరిచూసింది ఎవరు, డిజైన్ ఎవరిది అని అందులో రాయాలి. ఈ పడవల పటాల మీద గీసినవారి చోట విద్యార్థుల పేర్లు, సరిచూసినవారి చోట లెక్చరర్ పేరు రాయండి. డిజైన్ అన్నచోట మాత్రం ఆ వడ్రంగి పూర్తి పేరు, ఊరి పేరు రాయాలి.